సంపూర్ణ రంగూన్ సాస్

రాజమండ్రి శివార్లలో ‘సంపూర్ణ రంగూన్ సాస్’ ఫ్యాక్టరీ. జానకిరామ్ కూర్చున్న గదిలోకి వాళ్ళమ్మ సంపూర్ణమ్మ విసురుగా వచ్చి తలుపేసింది. చేతిలోని పండు మిరపకాయల సంచి అతని బల్ల మీద బోర్లించింది.

“ఏంటమ్మా ఇది! ల్యాప్‌టాప్ మీద...”

“కంపు కొడుతున్నాయా? కొట్టవూ మరి! గోదారి లంకలో మనకి కాయ పండించే పల్లంరాజు గట్టు మీద కుప్పపోసి కుళ్ళబెట్టుకుంటున్నాడు. మీ అబ్బాయిగారు కాయ వద్దన్నారండీ అని ఏడుస్తున్నాడు. వద్దన్నావా?”

“ముందు కూర్చో.”

“వద్దన్నావా, లేదా?”

“ఈ ఒక్క కాపుకే...”

“అబద్ధం! పోయిన కాపు కూడా తీసుకోలేదట. మరి సాస్ దేంతో చేస్తున్నావు?”

“మిరపకాయతోనే.”

“ఏ మిరపకాయ? వెనక షెడ్డు తాళం తీయించాను. అన్నీ నీలం డ్రమ్ములు. ఏముంది వాటిల్లో?”

“పేస్టు. ఇప్పుడు అందరూ అదే వాడుతున్నారమ్మా. తొడిమలు తీసే పనుండదు, కాయ పాడైపోతుందన్న భయముండదు. చిక్కదనానికి కొంచెం పిండి, కాస్త రంగు...”

“రంగా! నా పేరున్న సీసాలో రంగు పోశావా?”

“అరవకు. బయట వర్కర్లున్నారు.”

“విననీ! రంగూన్లో అక్కడి సర్కారు మా నాన్న కొట్టు లాక్కుని ఓడెక్కించేస్తే కట్టుబట్టలతో వచ్చాం. ఇక్కడేమో కాందిశీకుల పిల్లంటూ బళ్ళో పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. మా అమ్మ అక్కడ చేసినట్టే రోట్లో నూరి, నూడుల్స్ బళ్ళ చుట్టూ తిరిగి అమ్మాను. ఇదేం సరుకో అని తోసేసినవాళ్ళే, తుని నుంచి మొగల్తూరు దాకా, ఇప్పుడు మన సీసా లేందే బండి పెట్టట్లేదు. అందులో నువ్వు పిండి కలుపుతావా?”

“కలిపాను. ఎవడైనా కనిపెట్టాడా? ఒక్కడైనా సీసా వెనక్కి తెచ్చాడా?”

“చిట్టియ్య కొనడం మానేశాడు. మన దగ్గర మొట్టమొదట కొన్న బండివాడు! మార్కెట్లో ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. ఎందుకో నాకివాళ అర్థమైంది.”

“ఆయనకి చాదస్తం.”

“నోర్ముయ్! పల్లంరాజుకి ఫోన్ చెయ్యి. లారీ పంపిస్తున్నానని చెప్పు. ఆ డ్రమ్ములన్నీ ఇవాళే పారబోయిస్తాను.”

“చెయ్యను. తప్పు నా ఒక్కడిదేనా? నీకు తెలీకుండా చేశానా?”

“నాకు చెప్పి చేశావా?”

“ప్రతి వాయీ చెంచాలో పోసి నీకే తెచ్చిచ్చాను కదా! నాలిక మీద వేసుకున్నావు, కళ్ళు మూసుకున్నావు, బాగుంది, సీసాలకెత్తించు అన్నావు. మొదటిసారి పేస్టుతో చేసి తెచ్చినప్పుడు భయపడ్డానమ్మా. తిడతావనుకున్నాను. తిట్టి ఉంటే ఆ రోజే ఆపేసేవాణ్ణి. నువ్వే బాగుందన్నావు! ఇప్పుడొచ్చి నా మీద పడతావేంటి?”

సంపూర్ణమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చెప్పమ్మా. ఎవరూ పట్టలేని తేడా కూడా పట్టేదానివి, అప్పుడెందుకు బాగుందన్నావు?”

“పోయినేడు ఆ జ్వరం తగ్గినప్పట్నుంచీ నా నాలికకి ఉప్పూ కారం ఏవీ తెలీట్లేదురా. నువ్వు చేశావు కదా అని బాగుందనేదాన్ని.”