గోడ తెల్లగానే ఉంది

ఎడిటింగ్ గదిలో చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోకి రంగులు దిద్దడం నేర్చుకుంటోంది. నేర్పుతున్న అన్న ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర మీద నిన్న ఇద్దరూ కలిసి తీసుకున్న క్లిప్ ఆగి ఉంది.

“ముందు తెలుపు సరిచెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నా మొహం పసుపు ముద్దలా ఉంది.”

“సరిచేశాను అన్నయ్యా. గోడ చూడు, తెల్లగానే ఉంది.”

“అయితే పసుపు ఇంకాస్త తగ్గించు.”

“తగ్గించా. ఇప్పుడు గోడ నీలంగా మారింది, నీ పక్కన నేను శవంలా ఉన్నాను.”

“నా మీద లైటు వేరేగా పడి ఉంటుంది.”

“ఇద్దరం ఒకే లైటు కింద కూర్చున్నాం.”

“సరే, నా మొహం ఒక్కటీ ఎంచుకుని దిద్దు. దీనికింత రాద్ధాంతం దేనికి?”

“దగ్గరికి తెచ్చి చూశాను. నీ కళ్లలో తెల్లగా ఉండాల్సింది కూడా పసుపే.”

“కెమెరా పాతది.”

“ఈమధ్య నీకు తిండి సయించట్లేదని వదిన అంటోంది.”

“మీ వదినకి అన్నీ అనుమానాలే.”

“ఒక్కసారి కిటికీ దగ్గరికి రా. వెలుతురులో చూస్తాను.”

“ముందు ఆ మొహం దిద్దమన్నానా?”

“దిద్దితే వీడియోలోనే పోతుంది అన్నయ్యా.”

“నాన్నకీ ముందు కళ్లే పచ్చబడ్డాయి. నన్ను ఆ కిటికీ దగ్గరికి పిలవకు.”