హీట్ పంప్ అప్పగింతలు

"ముందు ఆ రిమోట్ కింద పెట్టు. నొక్కినకొద్దీ తొందరగా రావడానికి అదేమన్నా లిఫ్టా?"

"పొద్దున్నుంచీ నొక్కుతూనే ఉన్నాను. పంతొమ్మిది డిగ్రీలు దాటి ఒక్క అంకె కూడా పైకి పోవట్లేదు."

"నొక్కితే పోయేదయితే నన్నెందుకు పిలిచావ్?"

మొగుణ్ణి ఎగరేసుకుపోయినదాని ఇల్లు వెచ్చబెట్టడానికి పాత పెళ్ళామే నడిచి రావడం హెల్గెలాండ్ తీరంలో అంతకుముందు ఎవరూ విని ఎరుగరు. ఆ మొగుడు ఓడ్వార్ నడిసముద్రంలో చమురు బావి మీద డ్యూటీలో ఉన్నాడు. ధ్రువం దగ్గరి చలికాలం, బయట పట్టపగలే చీకటి. అద్దె గది ఖాళీ చేసి ఈ ఇంట్లో అడుగుపెట్టి మూడు నెలలు కూడా కాని సిన్నెకు కావలసింది ఒక్కటే, గోడ మీద ఏసీలా బిగించిన హీట్ పంప్ సరిగ్గా పనిచేసి ఇల్లు కాస్త వెచ్చబడడం. అది జరగకపోతే తను ఇక్కడ బతకలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక, సిగ్గు చంపుకుని, ఆ పాత పెళ్ళామైన తురీద్‌కు ఫోన్ చేసింది.

"కోటు తీసి కూర్చోండి అక్కా."

"అక్కా అనకు. ముసలాళ్ళ వార్డులో కలిసి పనిచేసినప్పుడు అన్నావ్, పలికాను. ఇప్పుడు మనిద్దరిదీ వేరే వరస. కోటు తీయను. ఈ ఇంట్లో కోటు తీస్తే ఏమవుతుందో పదహారేళ్ళు చూశాను. నీ ఒంటి మీద స్వెటర్ నాదేనా?"

"అలమరలో ఉంటే... చలికి ఆగలేక వేసుకున్నాను. విప్పేస్తాను."

"ఉంచుకో. మొగుణ్ణే ఇచ్చుకున్నదాన్ని, స్వెటర్‌కి ఏడుస్తానా?"

"ఊళ్ళో అందరూ లాక్కున్నానంటున్నారు. కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడ నా మొహం కూడా చూడట్లేదు. చిల్లర బల్ల మీద పెట్టి అటు తిరుగుతోంది. తురీద్ గారూ, నేను మీకు చేసింది..."

"చేసినదానికి తర్వాత ఏడుద్దువుగాని. ఆ స్టూలు ఇలా జరుపు. ఎక్కు. మూత పైకెత్తు. అటు కాదు, కింది అంచు పట్టుకుని. ఆఁ. ఫిల్టర్ ఎప్పుడు తీశావ్?"

"ఫిల్టర్ అంటే?"

"ఓరి దేవుడా. ఇదిగో, ఇది. ఇది ఫిల్టరా, గొర్రెతోలా? పాపం ఎట్లా ఊపిరి తీసుకుంటోందో. రెండు వారాలకోసారి తీసి వాక్యూమ్ చెయ్యాలి. జిడ్డుంటే గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి, తడి పూర్తిగా ఆరాకే పెట్టాలి. మొగుణ్ణి తిప్పుకోవడం తెలిసింది గానీ దుమ్ము దులపడం తెలియలేదు నీకు."

"ఓడ్వార్ చెప్పలేదు."

"చెప్పడు. చెప్తే తప్పు నీదెట్లా అవుతుంది?"

"మెకానిక్‌ని పిలుద్దామన్నాను. బయటివాళ్ళు చెయ్యి పెడితే పాడైపోతుందన్నాడు."

"రెండేళ్ళకోసారి వస్తాడులే మెకానిక్, గ్యాసు చూడ్డానికి. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వస్తాడు. ఆ సోఫా ఎవరు జరిపారు ఇక్కడికి?"

"నేనే. గాలి సూటిగా మీద పడితే వెచ్చగా ఉంటుందని..."

"గాలి సోఫాకి కొట్టి వెనక్కొస్తోంది. ఇల్లు వెచ్చబడింది కామోసు అనుకుని అది పని తగ్గించేస్తోంది. లాగు అవతలికి. లోపలి గదుల తలుపులన్నీ బార్లా తీసి పెట్టు, పడకగదిది కూడా. రాత్రి తగ్గించడం, పొద్దున్నే పెంచడం, ఆ వేషాలు దానికి గిట్టవు. ఒకే తీరున నడవనివ్వాలి. గుర్తు ఎప్పుడూ సూర్యుడి బొమ్మ మీదే ఉండాలి. ఇదేంటి, ఆటో మీద పెట్టావ్?"

"ఆటో అంటే అన్నీ తనే చూసుకుంటుందనుకున్నాను."

"ఈ ఇంటికి కూడా అట్లా అనుకునే వచ్చినట్టున్నావ్."

"మీరు నన్ను తిట్టడానికే వచ్చారు కదా? ఆ మాట చెప్పండి, నిలబడి తిట్టించుకుంటాను. స్టూలెక్కించి దింపి ఈ ఆటలెందుకు?"

"తిట్లు వాటంతటవే వస్తున్నాయి. వాటికోసం మంచులో ఇంత దూరం రానక్కర్లేదు, ఫోన్లోనే తిట్టేదాన్ని. బూట్లేసుకో. బయటిది చూద్దాం."

బయటి యూనిట్ ఇంటి వెనక, వంటగది కిటికీ కింద ఉంది. ఇద్దరూ నుదుటికి లైట్లు కట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళ బకెట్, బ్రష్ పట్టుకుని వెళ్ళారు.

"ఈ గాట్లేంటి?"

"కింద కారిన నీళ్ళు గడ్డకట్టి, ఐసు లేచి లేచి ఫ్యాన్‌కి తగులుతుంటే... గొడ్డలితో కొట్టాను."

"గొడ్డలితో. చేప తల నరికినట్టు. ఇంకో వేలెడు పైన తగిలి ఉంటే గ్యాసంతా పోయి యంత్రం చచ్చుండేది. అప్పుడు ఆయన వచ్చేదాకా నువ్వు సున్నా కింద కాపురం చేసేదానివి. గోరువెచ్చటి నీళ్ళు పొయ్యాలి. ఆ బకెట్ ఇలా తే. నిదానంగా. వెనకాల రేకుల మీద మంచుని మెత్తటి బ్రష్‌తో దులుపు, పాపాయికి తల దువ్వినట్టు. కప్పు మీది మంచు దీని మీద కూలితే వెంటనే తవ్వి తీసెయ్యాలి. వింటున్నావా?"

"వింటున్నాను. అక్కా, ఆగిపోయింది. ఫ్యాన్ ఆగిపోయింది. పొగొస్తోంది చూడండి, నేనేదో చేసేశాను, కాలిపోతోంది..."

"అరవకు. అది పొగ కాదు, ఆవిరి. ఒంటి మీద పేరుకున్న మంచుని తనే కరిగించుకుంటోంది, డీఫ్రాస్ట్ అంటారు. అప్పుడప్పుడూ చేస్తుంటుంది. ఆ కాసేపూ లోపలికి వెచ్చగాలి రాదు, ఇల్లు చల్లబడుతుంది. ఫోటో తియ్."

"దేన్ని?"

"ఆ ఆవిరిని. తొందరగా, అయిపోతుంది."

"ఎందుకూ?"

"తియ్యమన్నానా."

"తీశాను. ఎవరికి చూపించడానికి?"

"లోపలికి పద. నీకే తెలుస్తుంది."

లోపలికొచ్చి బూట్లు విప్పుతుండగానే సిన్నె ఫోన్ మోగింది.

"ఓడ్వార్ మెసేజ్."

"చదువు."

"'ఇల్లు ఉన్నట్టుండి చల్లబడింది. తలుపెందుకు తీశావ్? ఎవరొచ్చారు?' ఆయనకెలా తెలుసు? సముద్రం మధ్యలో ఉన్నాడు కదా."

"యాప్‌లో చూస్తాడు. ఇంట్లో వేడి ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, గీత గీసి చూపిస్తుంది అది. మిగతావాళ్ళు డ్యూటీ దిగి సినిమాలు చూసుకుంటారు. ఈయన ఆ గీత చూసుకుంటాడు."

"ఏం చెప్పను? మీరొచ్చారని చెప్పెయ్యనా?"

"చెప్పి చూడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఫిల్టర్ కడిగాను. బయట ఐసు కరిగించాను. సరిగ్గా అప్పుడే డీఫ్రాస్ట్‌లోకి వెళ్ళింది. ఫోటో పెట్టు. ఎవరూ రాలేదన్న ముక్క చివర్న రాయి. ముందే రాశావంటే కంగారుపడ్డావని పట్టేస్తాడు."

"పంపాను... చూశాడు... జవాబొచ్చింది. 'శభాష్. నేర్చుకుంటున్నావ్.'"

"ఆ శభాష్ వినడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నీది మంచి చెయ్యి."

"ఇప్పుడన్నా పెంచొచ్చా?"

"నొక్కు."

"పంతొమ్మిదే."

"పంతొమ్మిదే ఉంటుంది. యంత్రానికి రోగమేం లేదు. ఆయనే అక్కణ్ణించి యాప్‌లో కట్టేశాడు, ఇంతకు మించి పోకుండా."

"మీకు ముందే తెలుసా?"

"ఫోన్లో నువ్వు పంతొమ్మిది అన్నప్పుడే తెలుసు."

"మరి ఇంతసేపూ నాతో ఈ చాకిరీ అంతా దేనికి చేయించారు?"

"ఫిల్టర్ మూసుకుపోతే ఆ పంతొమ్మిది కూడా రాదు. అప్పుడు ఆయన ఏమనుకుంటాడు? ఇది తలుపు తీసి ఎవరికో వీడ్కోలు చెప్తోంది అనుకుంటాడు. అప్పుడు పదిహేడుకి దించుతాడు. ఇంకోసారి మాటకి మాట అప్పజెప్పావనుకో, అప్పుడూ పదిహేడే. ఈ పంతొమ్మిదికి దించాడంటే, మొన్నేమన్నా అన్నావా?"

"నాతో చదువుకున్న అమ్మాయి ట్రోండ్‌హైమ్ నుంచి వస్తానంటే రమ్మన్నాను. నన్నడక్కుండా నా ఇంటికి రమ్మనడమేంటన్నాడు. మన ఇల్లు కాదా అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ మర్నాటి నుంచే ఈ చలి."

"అంతేలే. ఆయన అరవడు. నాకైతే ఒకసారి ఎవరన్నా గట్టిగా అరిస్తే బాగుండనిపించేది."

"వేరే హీటర్ కొనుక్కుంటాను."

"గీత పైకి లేస్తుంది. తెలిసిపోతుంది."

"పోనీ, ఆ కట్టెల పొయ్యి..."

"దాని పొగగొట్టం మూయించేశాడుగా. ఎందుకని చెప్పాడు నీకు?"

"పొగకి ఊపిరితిత్తులు పాడవుతాయన్నాడు. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను."

"నాకూ అదే చెప్పాడు. నేనూ అదే అనుకున్నాను."

"మీరెట్లా వేగారు పదహారేళ్ళు?"

"వార్డులో ముసలాళ్ళకి చలి పడదని ఎప్పుడూ ఇరవై నాలుగు ఉంచుతారు. నేను డబుల్ డ్యూటీలు ఎందుకు చేశాననుకున్నావ్? తురీద్‌కి పని పిచ్చి అని టీ గదిలో అందరూ నవ్వుకునేవాళ్ళు."

"నేనూ నవ్వాను."

"తెలుసు."

"మరి వెళ్ళిపోవాల్సింది కదా."

"వెళ్ళాను. బూడో పట్నంలో మా చెల్లెలింటికి. ఆయనకి డ్యూటీ అయ్యాక నాలుగు వారాలు సెలవు కదా, ఆ నాలుగు వారాలూ వాళ్ళింటి ఎదురుగా కారులో కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. చెయ్యెత్తలేదు. పోలీసులకి ఏమని చెప్తావ్, కారులో కూర్చున్నాడనా? చివరికి మా చెల్లెలి మొగుడే నా పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆయన ఒంటరిగా ఉండలేడు సిన్నె. ఆ చేతిలో ఉన్నది వదలాలంటే, ఆ చేతిలో ఇంకోటి పెట్టాలి."

"నన్ను క్షమించండక్కా. మీ కాపురం కూల్చానని నాకు నిద్రపట్టదు. ఈ చలి ఆ పాపానికే అనుకున్నాను. అనుభవించాల్సిందేలే అనుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాను."

"కూల్చావా? నువ్వా?"

"నేను కాకపోతే ఎవరు?"

"ఆ ఆదివారం గొర్రెమాంసం క్యాబేజీ వండి, వార్డులో అంతమంది ఆడవాళ్ళుండగా నిన్నొక్కదాన్నే భోజనానికి ఎందుకు పిలిచాననుకున్నావ్?"

"ఒక్కదాన్నే ఉంటానని జాలిపడి..."

"ఒక్కదానివే ఉంటావనే పిలిచాను. జాలి పడి కాదు. ఈ ఊళ్ళో నీకు నా అన్నవాళ్ళు లేరు. ఎవరేమన్నా తప్పు నాదేనేమో అని తలొంచుకుంటావ్. అట్లాంటి పిల్ల కోసం రెండేళ్ళు వెతికాను. నీ కుర్చీ ఆయన పక్కన వేసింది నేను. భోజనం మధ్యలో వార్డు నుంచి పిలుపొచ్చిందని లేచిపోయింది నేను. ఎవరూ పిలవలేదు. ఊరి చివర కారు ఆపుకుని, అందులో హీటర్ వేసుకుని కూర్చున్నాను, మీ ఇద్దరికీ మాటలు కలిసేదాకా."

"మీరు... ఆ రోజు వచ్చేటప్పుడు నాకు కేక్ కూడా కట్టిచ్చారు."

"మర్నాడు డబ్బా తిరిగివ్వడానికి వస్తావని. నేను డ్యూటీలో ఉంటాను, ఆయన ఇంట్లో ఉంటాడు."

"నేను మిమ్మల్ని చూసి తలెత్తుకోలేకపోయాను ఇన్నాళ్ళూ. ఊరంతా నన్ను తిడుతుంటే, పాపం తురీద్ అంటుంటే, నేను కూడా పాపం తురీద్ అనుకున్నాను."

"అననీ. నేనిప్పుడు ఉండే గదిలో ఇరవై మూడు. పల్చటి చొక్కాతో పడుకుంటాను."

"ఇవాళ ఎందుకొచ్చారు మరి? నా అవస్థ చూసి సంతోషపడడానికా?"

"సంతోషం లేదని అబద్ధం చెప్పను. కానీ అందుక్కాదు. నువ్వు మూడు నెలలకే గడప దాటిపోతే ఆ కారొచ్చి ఆగేది నా కిటికీ కింద. నువ్వు మన్నాలి తల్లీ. అందుకే ఫిల్టర్ నేర్పాను, ఫోటో నేర్పాను, ఏ మాట ముందు రాయాలో ఏది వెనక రాయాలో నేర్పాను. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడల్లా వచ్చి చూసిపోతాను. ఏది కావాలన్నా అడుగు, దాచకుండా చెప్తాను. ఇందులోంచి బయటపడే దారి మాత్రం నన్నడక్కు. ఏంటట్లా చూస్తున్నావ్? ఏడుపొస్తే ఏడువు, ఏమనుకోను."

"ఏడవట్లేదు. మీరు పక్క వార్డుకి మారాక మీ చోట్లో ఒక పిల్ల చేరింది, యోవితా అని, పోలండ్ నుంచి వచ్చింది. ఆదివారాలు గదిలో ఒక్కతే కూర్చుంటుందట."

"అయితే?"

"గొర్రెమాంసం క్యాబేజీ ఎంతసేపు ఉడకాలక్కా?"