ఉమాకాంత్ తరఫున ఒక్క మాట

1997. చిక్కడపల్లి. ఒక ఫైనాన్స్ కంపెనీలో మేనేజరుగా చేసిన ఉమాకాంత్ గుండె ఆగి చనిపోయి పన్నెండు రోజులు. అతని ఇంట్లో భార్య ఆమని, యూనివర్సిటీలో అతనితో ఎం.కాం. చదివిన జగదీశ్వర్.

"రేపు కాదు చెల్లె. రేపు ఆఫీసుల ఆడిట్ ఉంది."

"ఆదివారం ఆడిటేమిటి అన్నయ్యా?"

"ఉంటది. ఒక్కోసారి ఉంటది."

"ఒక్క అరగంట చాలు. అశోక్‌నగర్‌లో డిపాజిట్లు కట్టినవాళ్లంతా కూడుతున్నారు. ఓనరు పారిపోయాడు. డబ్బంతా ఈయనే దాచాడంటున్నారు. నిన్న వాళ్లలో ఒకావిడ, కిష్టమ్మగారు, మా గుమ్మంలో దుమ్మెత్తి పోసి వెళ్లింది. ఆయనెలాంటివాడో మీరు చెబితే వింటారు."

"నేను చెప్తే ఎవరింటరు?"

"రెండేళ్లు ఒకే గదిలో ఉన్నారు. మీరు కాక ఇంకెవరు చెబుతారు?"

"ఏమని చెప్పాలె? ఒకసారి రష్షుల కండక్టర్ టికెట్ ఇయ్యలేదు. వీడు నారాయణగూడల దిగి, వెనక వచ్చిన బస్సుల టికెట్ కొని చింపేసిండు. మేమందరం పిచ్చోడని నవ్వినం. గా ముచ్చట చెప్తే వాళ్ల పైసలు వస్తయా?"

"రావు. మా ఇంటిమీద రాళ్లన్నా ఆగుతాయి. పాపను బడికి పంపి రెండు వారాలైంది. నా గాజులమ్మి కూడా ఆ కంపెనీలోనే వేశారంటే ఒక్కరూ నమ్మట్లేదు."

"నేను నమ్ముతున్న."

"ఇక్కడ కాదు, అక్కడ చెప్పండి."

"నాతోని కాదు చెల్లె."

"ఎందుకు కాదు?"

"కాదంటున్న గద."

"అన్నయ్యా, నాకింకెవరూ లేరు."

"వాని గురించి మాట్లాడే మొఖం లేదు నాకు. పోయే ముందురోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చిండు. నాలుగు రోజులు ఉండనియ్యమని అడగనీకే వచ్చిండు, ఇంకెందుకొస్తడు? రానిస్తే ఆ మందంత నా ఇంటిమీద పడ్తరని భయమైంది. లేనని మా ఇంటామెతోని చెప్పించిన. వాడు జరసేపు అట్లనే నిలబడి పోయిండు."

"తెలుసు."

"వాడు చెప్పిండా?"

"లేదు. పాపతో నేను మీ సందు మొదట్లో ఆటోలో ఉన్నాను. మీ కిటికీ పరదా పక్కన మిమ్మల్ని చూశాను. ఆయనా చూశారు. వచ్చి నా పక్కన కూర్చుని, 'జగదీశ్ ఊళ్లో లేడు ఆమనీ, ఉంటే మనల్ని వదిలేవాడా' అన్నారు."