టేపు కలిసే చోటు

కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ కొట్లోనే కుప్పకూలింది. ఊపిరి ఆడడం లేదు. దర్జీ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. అవతల ఆడగొంతు పలికింది.

"బండి బయల్దేరింది. ఈలోగా ఆవిడ గుండెల మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కండి."

"నేనా? పరాయి ఆడమనిషమ్మా! పక్కకొట్టావిడకి కబురు పంపాను."

"ఆవిడొచ్చేదాకా ఈవిడ ప్రాణం ఆగదు. మీరేం పనిచేస్తారు?"

"దర్జీనమ్మా. ఇరవయ్యేళ్లుగా."

"ఆడవాళ్ల ఛాతీ కొలత ఎవరు తీస్తారు?"

"నేనే... అది పని కదమ్మా!"

"ఇదీ పనే. టేపు కలిసే చోట, సరిగ్గా నడిమధ్యన నొక్కండి."

"గుమ్మంలో జనం గుడ్లప్పగించి చూస్తున్నారు."

"ఊరికే చూడొద్దనండి, మీరు నొక్కుతుంటే పైకి లెక్కపెట్టమనండి."

అతను మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. గుమ్మంలో ఒకే ఒక్క గొంతు "ఒకటి" అంది. "రెండు" మాత్రం వీధంతా అంది.