వేడెక్కగానే దగ్గు

మోంటానాలో ఒక చిన్న ఊరు. ఆర్డిత్ అనే ఆవిడ నడిపే మెకానిక్ షెడ్డు. ఆవిడ అల్లుడు కర్ట్ తెచ్చిన ట్రక్కు బానెట్ ఎత్తి ఉంది.

"...అదిగో, మళ్ళీ దగ్గింది! విన్నారా అత్తయ్యా? వేడెక్కిందో లేదో మొదలు."

"విన్నాను నాయనా. చర్చిలో పాస్టరు కూడా వినుంటాడు. ఆపు, ముందు ఆపు దాన్ని. ఈ ఇంజను నిజంగా నువ్వే మార్చావా?"

"నేనే."

"నువ్వే? ఒక్కడివే?"

"ఒక్కణ్ణే. ఏం?"

"ఏం లేదు. ఇంటి వెనక వరండా మొదలుపెట్టావు, దానికి ఇప్పటికీ నేల లేదు. కోళ్ళగూడు కట్టావు, కప్పు వెయ్యడం మర్చిపోయావు, కోళ్ళన్నీ నక్కల పాలయ్యాయి. అలాంటివాడు ఏకంగా ఇంజనే మార్చాడంటే దగ్గక ఏం చేస్తుంది పాపం?"

"కోళ్ళ సంగతి ఇప్పుడెందుకండీ? చల్లగా ఉన్నంతసేపూ బంగారంలా నడుస్తుంది."

"పెళ్ళైన కొత్తలో నువ్వూ బంగారంలాగే ఉన్నావు. సరే, దగ్గు మొదలయ్యాక ఏమేం మార్చావు?"

"స్పార్కు ప్లగ్గులు మార్చా. కాయిల్స్ మార్చా. ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపు మార్చా."

"సీటు కవర్లు మార్చలేదా? అవొక్కటే మిగిలాయి."

"మీరు నవ్వితే నేనేం చెప్పనండీ!"

"నవ్వట్లేదు, చెప్పు. ఇంజను ఎక్కడిది?"

"బిల్లింగ్స్ ఊరి దగ్గర తుక్కు యార్డులో దొరికింది. వడగళ్ళకి నుజ్జయిన బండిది. బండి పోయింది గానీ ఇంజను మాత్రం కడిగిన ముత్యం."

"మరి దాని వైర్ల సంగతో?"

"అందలేదు. కోసి, పొడుగు చేసి, అతికించా."

"టేపుతోనా?"

"టంకం పెట్టేనండీ! నిజంగా చెప్తున్నా, మొదట్లో వారం రోజులు ఏ గొడవా లేదు. మైల్స్ సిటీ దాకా వెళ్ళొచ్చా, ఒక్క దగ్గుంటే ఒట్టు. నమ్మరేం?"

"నమ్మాను, నమ్మాను. పట్టిన చేప ఇంత పొడుగని చేతులు చాపేవాళ్ళని కూడా నేను నమ్ముతాను."

"అత్తయ్యా, ఎంతైనా నవ్వుకోండి. కానీ ఇది బాగవ్వాలి. మొదలెట్టిన పని ఒక్కటైనా పూర్తిచేస్తే అప్పుడు నా దగ్గరికి తిరిగొస్తానని మీ అమ్మాయి మార్లా అందని మీరే కదా చెప్పారు? చేశా. ఈ బండిలోనే మీ ఇంటికొచ్చి తనని తీసుకెళ్దామనుకున్నా. ఇలా దగ్గుకుంటూ వస్తే ఏం మొహం పెట్టుకుని..."

"ఆ రెంచీ ఇలా అందియ్."

"అది కాదండీ, మార్లా ఏమన్నా..."

"రెంచీ అన్నాను!"

"ఇదిగోండి."

"హుఁ. ఇది ఎడమ పక్క స్పార్కు ప్లగ్గు. చూశావా, బొగ్గులా ఉంది. ఇప్పుడు కుడి పక్కది... ఇదేమో సున్నం కొట్టినట్టుంది. ఒకే ఇంజనులో ఒక పక్కకి తిండెక్కువై అజీర్తి, ఇంకో పక్కకి పస్తు."

"అంటే?"

"అంటే నువ్వు మార్చినవన్నీ దండగ. కిందికి దూరు. పొగగొట్టాలకి చెరో సెన్సరు ఉంటుంది, రెండింటి వైర్లూ ఊడదియ్. కాలుతుంది, గుడ్డ పెట్టుకో."

"ఊడదీస్తే ఇంకా పాడవదూ?"

"ఇంకా పాడవడానికి ఏం మిగిలిందని?"

"అబ్బా!"

"గుడ్డ పెట్టుకోమన్నానా లేదా?"

"తీశా, తీశా."

"స్టార్ట్ చెయ్. ఉండనీ, అలాగే ఉండనీ..."

"అరె! అత్తయ్యా, దగ్గు లేదు! ఏం మంత్రమిది?"

"మంత్రమా, పాడా. చల్లగా ఉన్నంతసేపూ బండిలో కంప్యూటరు ఎవరి మాటా వినదు. తనకు తెలిసిన లెక్క ప్రకారం రెండు పక్కలకీ పెట్రోలు పోస్తుంది. వేడెక్కాకే, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఈ సెన్సర్ల మాట వినడం మొదలెడుతుంది; వాటిని ఊడదీస్తే మళ్ళీ తన లెక్కకే పోతుంది. ఇక్కడ ఎడమదాని వైరు కుడిదాంట్లో, కుడిదాని వైరు ఎడమదాంట్లో దూర్చి ఉన్నాయి. ఎడమది చాలు మొర్రో అంటే కుడిదానికి కోత పడుతుంది. కుడిది ఆకలో అంటే ఎడమదానికి ఇంకో గరిటె పడుతుంది. అరిచేకొద్దీ అన్యాయం."

"అంటే తెలివితక్కువది ఆ కంప్యూటరే."

"దాని తప్పేముంది? చెవిన పడ్డదే నమ్ముతుంది, నీలాగే."

"నాలాగా? నా చెవిన ఏం పడింది?"

"ఏదో మాటవరసకన్నాలే. ఆ లైటు ఇటు తిప్పు."

"లేదు, ఆగండి. ట్రక్కు తయారైంది, తీసుకెళ్ళడానికి వస్తా అని మార్లాకి చెప్పమన్నాను. చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

"ట్రక్కు తయారైందని."

"రెండో ముక్క?"

"ఏ రెండో ముక్క?"

"అత్తయ్యా!"

"కొత్త ఇంజను వేసుకుని ఊళ్ళు తిరుగుతున్నాడని చెప్పాను. మైల్స్ సిటీ వెళ్ళావా, లేదా? అబద్ధం కాదుగా?"

"ఓరి దేవుడో! దానికి తనేమంది?"

"ఏమంటుంది? సరేలే అంది."

"అంతేనా?"

"...ఆ పూట తిండి ముట్టలేదు."

"మరి నాతో, నీ పేరెత్తితేనే మండిపడుతోంది, ఫోన్ కూడా చెయ్యొద్దంటోంది అన్నారు! మీ మాట విని మానేశాను కదండీ!"

"అరవకు. రేకులు ఎగిరిపోతాయి."

"ఎందుకు చేశారిలా?"

"ఎందుకేమిటి? నీ దగ్గర అదేం సుఖపడిందని? కప్పులేని కోళ్ళగూడు..."

"కోళ్ళని వదిలెయ్యండి! ఎందుకు చేశారు?"

"...మీ మామ పోయాక ఆ వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని, రేడియోతో పోట్లాడుతూ తిన్నాను. ఇప్పుడు ఎదురుగా మనిషుంది. సూపులో ఉప్పెక్కువైందని నన్ను తిట్టే మనిషుంది. అది వెళ్ళిపోతే మళ్ళీ ఆ రేడియోనే. నాకు భయమయ్యా. ఒక్కదాన్నే ఉండాలంటే భయం. చెప్పించుకున్నావుగా, తృప్తేనా?"

"ఆ మాట మాకు చెప్తే మేం రామా? వారానికోసారి వచ్చి మీ సూపు మేమిద్దరం తిట్టేవాళ్ళం కదా?"

"ఆ జాలి మొహం పెట్టకు, నీకు నప్పదు. ముందు కిందికి దూరి ఆ వైర్లు సరిగ్గా పెట్టు. ఇంజను దించాడట, ఎక్కించాడట, రెండు వైర్లు మాత్రం తారుమారు చేశాడట మహానుభావుడు! దున్నపోతుకి కూడా కుడెడమలు తెలుస్తాయి!"

"నేను కాదు."

"మళ్ళీ మొదలు!"

"నేను కాదండీ! నేనే తారుమారు చేస్తే మొదటి రోజే దగ్గాలి కదా? మైల్స్ సిటీ దాకా ఎలా వెళ్ళొచ్చింది? మొన్న ఆదివారం నుంచే కదా ఈ దగ్గు!"

"...అవును. అదీ నిజమే. మొదటి రోజే దగ్గాలి."

"మరి?"

"మరి ఎవరో తర్వాత మార్చారు. బండి చెడకుండా దగ్గు మాత్రం పుట్టించే కిటుకు ఇది. తెలిసినవాళ్ళ పనే. కానీ ఈ ఊళ్ళో ఇది నాకు తప్ప ఎవరికీ తెలీదే. నేనెవరికీ నేర్పలేదు, ఒక్క..."

"ఒక్క?"

"ఒక్క నాకు తప్ప. ఇంతసేపు పట్టిందేమమ్మా కనుక్కోడానికి?"

"మార్లా! నువ్వెప్పుడొచ్చావు?"

"ఇందాక నీ బండి ఇక్కడ దగ్గినప్పటి నుంచీ తలుపు వెనకాలే ఉన్నాను, కర్ట్. అంతా విన్నాను. శనివారం నువ్వు బండి ఇంటి దగ్గరే వదిలి పనికెళ్ళాక వచ్చి ఆ వైర్లు మార్చింది నేనే."

"నువ్వా? బంగారంలాంటి బండిని... ఎందుకే తల్లీ?"

"నువ్వు మోసుకొచ్చే కబుర్ల మీద అనుమానమొచ్చిందమ్మా. పోనీ నేనే వెళ్దామంటే, మొదట దిగొచ్చేది నేనా అని రోషం. ఈయనేమో ఫోన్ చెయ్యడు, మన గుమ్మం తొక్కడు. మనిషి నా కోసం రాకపోయినా, బండి కోసమైతే నీ షెడ్డుకి రాక ఎక్కడికి చస్తాడు?"