పది బై తొమ్మిది

కూతురి గదిలో అలమర చేయడానికి వడ్రంగి చెక్క మీద గీత గీసి రంపం అందుకున్నాడు. ఒకటో తారీఖున తాను ఇల్లు విడిచి వేరేచోట అద్దె గదికి మారిపోతున్నట్టు కూతురు ఇంట్లో ఇంకా చెప్పలేదు. కోసిన చెక్కను దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకోరు.

"నాన్నా, కాసేపు ఆగవా?"

"ఆగితే ఈ పూట అవ్వదు. ఆ కొస పట్టుకో."

"ఉన్నట్టుండి ఇప్పుడు అలమర ఎందుకు?"

"ఇరవై ఆరేళ్ళొచ్చినా బట్టలు కుర్చీ మీదే పోగేస్తున్నావని మీ అమ్మ రెండేళ్ళుగా నా చెవిలో జోరీగలా పోరుతోంది."

"వచ్చే నెల చేద్దువుగానిలే."

"వచ్చే నెల నువ్వుంటావా?"

ఆమె చేతిలోంచి చెక్క కొస జారింది.

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. మొన్న నా టేపు తీసుకెళ్ళావుగా. తెచ్చి సంచిలో పెట్టినప్పుడు దాంతోపాటు చీటీ కూడా పెట్టేశావు. పది బై తొమ్మిది, తలుపు పక్కన మూడడుగుల గోడ. మనింట్లో అలాంటి గది లేదు."

"చెబుదామనే అనుకున్నా నాన్నా, నోరు రాలేదు. మరి తెలిసి కూడా ఎందుకు కోస్తున్నావు?"

"గీత ఎక్కడుందో చూడు. మూడడుగులకి అర అంగుళం తక్కువ. మేకులు కొట్టను, స్క్రూలు బిగిస్తాను. విప్పి తీసుకెళ్ళొచ్చు."

ఆమె గీతను చూసి, జారిన కొసను మళ్ళీ పట్టుకుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. ముందుగదిలో కూర్చుని అలమరకి నీ గోడకి నప్పే రంగు ఎంచుతోంది. వెళ్ళు, ఏ గోడో నువ్వే చెప్పు."