గొడుగు విప్పని ఇష్బెల్ పెద్దమ్మ

ఆ టీ ఇలా ఇచ్చి, ఈ బల్ల మీద కూర్చో, ఉనా తల్లీ. గొడుగు నా దగ్గరే ఉండనీ. వాన ఇంకా రాలేదులే. అదిగో, చూశావా ఎదురుగా? లాంతర్ల చెట్టు! ఎర్రటి లాంతర్లు, కొమ్మకి ఎన్నేసి వేలాడుతున్నాయో చూడు. అబ్బ, ఈ ఏడు విరగబూసింది. దీని గురించి నీకు ఇవాళే చెప్పెయ్యాలి. నిన్న చూశావుగా, కెటిల్‌లో నీళ్ళు పొయ్యకుండానే పొయ్యి మీద పెట్టాను. రేపు ఇంకేం మర్చిపోతానో! మా ఇష్బెల్ పెద్దమ్మ మాత్రం నా తలలోంచి పోకూడదు. పోయినా నీ తలలో ఉండాలి. అందుకే లాక్కొచ్చాను నిన్ను.

అప్పట్లో ఈ దొరగారి తోట ఏడాదికి ఒక్క శనివారమే తెరిచేవాళ్ళు, జూన్‌లో. టీ, స్కోన్ రొట్టెలు, దొరసాని కొత్త టోపీ. మా పల్లెల ఆడవాళ్ళంతా మంచి కోట్లు వేసుకుని, ఎండ కాస్తున్నా సరే గొడుగులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎందుకో తెలీదూ? ఇంట్లో నాటుకోడానికి గుట్టుగా తుంచిన కొమ్మలు ముడిచిన గొడుగులో ఎన్నైనా పడతాయి మరి! ఇక్కడ పెద్ద తోటమాలి గిల్లాండర్స్ అని ఒకాయన, గడ్డం లేని మోషే ప్రవక్తలా ఉండేవాడు. ఆయనకి ఇదంతా తెలుసు. అందుకని ముందురోజే అరుదైన చెట్లకున్న పేరు పలకలన్నీ పీకి దాచేసేవాడు. పేరు తెలీకపోతే దొంగిలించరని ఆయన లెక్క. మా పెద్దమ్మ తక్కువదా? ప్రతి చెట్టు పేరూ నాకు బట్టీ పట్టించింది. "జెస్సీ, అదేంటి?" "టాస్మేనియా ఫెర్న్." "ఇది?" "న్యూజీలాండ్ డైసీ." చూశావా, నిన్నటి కెటిల్ పోయింది గానీ ఇవి పోలేదు.

ఏం చెప్తున్నాను? ఆఁ, లాంతర్లు. మా పెదనాన్న టార్‌క్విల్ తిమింగలాల వేట ఓడలో పనిచేసేవాడు. చిలీ నుంచి ఒక ఉత్తరం రాశాడు, ఇక్కడొక చెట్టుంది ఇష్బెల్, ఓడకి ఎడమపక్కన కట్టే ఎర్ర దీపాల్లాంటి పూలు, నువ్వు చూస్తే బాగుండును అని. ఆ ఉత్తరం వచ్చింది గానీ ఆయన రాలేదు. సముద్రం తీసుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి దొర తమ్ముడు తెచ్చిన విత్తనంతో ఇక్కడ మొలిచిందట ఆ చెట్టు. ఈ తీరం మొత్తానికీ అదొక్కటే. నేను చెప్పే ఆ జూన్ శనివారం నాటికి నాకు పదేళ్ళు. పెద్దమ్మ దాని ముందు నిలబడి ఒక్కో లాంతరునీ తలెత్తి చూసింది. తర్వాత నన్ను తుమ్మమంది. నేను గట్టిగా తుమ్మాను, అందరూ నా వంక చూశారు, ఆవిడ గోటితో చటుక్కున ఒక కొమ్మ తుంచి, తడి నాచులో చుట్టి గొడుగులో వేసేసింది.

ఆ రోజే బస్సు టైరు పేలాలా! ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండు దాటి ఆదివారమైపోయింది. మాకు ఆదివారమంటే తెలుసుగా, దేవుడి రోజు, ఏ పనీ ముట్టకూడదు, బంగాళదుంపలు కూడా శనివారమే చెక్కు తీసి పెట్టుకునేవాళ్ళం. అల్లిక వరస మధ్యలో ఉంటే మధ్యలోనే ఆపేసేవాళ్ళం. కొమ్మ వాడిపోతుంది, నాటెయ్యి పెద్దమ్మా అని నేను ఏడ్చాను. ఆవిడ ఏమందో తెలుసా? "దొంగతనం శనివారం చేశాను, దాని సంగతి దేవుడితో నేను మాట్లాడుకుంటాను. ఆదివారం మట్టి తవ్వానంటే ఆయన నాతో మాట్లాడడు."

పొద్దున చర్చికి బయల్దేరితే ఆకాశం చిల్లుపడినట్టు వాన. కొమ్మ ఇంకా అందులోనే ఉందని పెద్దమ్మ కావాలనే గొడుగు ఇంట్లో వదిలేసి వెళ్తోంది. నేను తెలివైనదాన్ని కదా, "మర్చిపోయావు పెద్దమ్మా!" అంటూ ఊరందరి ముందూ పరుగెత్తుకెళ్ళి చేతిలో పెట్టాను. పాపం, ఏం చేస్తుంది? ముడిచిన గొడుగు పట్టుకుని, ముక్కు మీంచి నీళ్ళు కారుతూ నడిచింది. అంతలో పక్క దారిలోంచి గిల్లాండర్స్ వచ్చి కలిశాడు. ఆయన మా చర్చి సంఘ పెద్ద కూడా. ఆయన కాదంటే ఆ ఏడు నీకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందవు, ఊళ్ళో తలెత్తుకోలేవు.

"గొడుగు విప్పవేం ఇష్బెల్?"

"తడిస్తే నాకు హాయిగా ఉంటుందండీ."

ఆయన పెద్దమ్మ గొడుగు వంక చూశాడు. పైనుంచి ఒక ఆకు తొంగి చూస్తోంది, నాకు కనిపించింది. చర్చి దాకా ముగ్గురం తడుస్తూనే నడిచాం, ఆయన కూడా తన గొడుగు విప్పలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి తలుపు కొట్టాడు. పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. తీరా చూస్తే ఆయన చేతిలో మట్టి కుండీ, సగం ఇసుక, సగం ఆకుమన్ను. నిన్న ఆదివారం, అడక్కూడదు కాబట్టి ఇవాళ అడుగుతున్నాను, ఎన్ని కొమ్మలు తుంచావన్నాడు. ఒక్కటే అంది. ఆయనకి అప్పుడొచ్చింది కోపం! "వెర్రిదానా, మూడు తుంచితే ఒకటి బతుకుతుంది. ఒక్కటే తెస్తావా?"

ఆ ఒక్కటీ బతికింది ఉనా! మా వంటింటి కిటికీలో. ఆ చలికాలమే కదా, పందొమ్మిది వందల అరవై మూడులో, ఎండుగడ్డి చుట్టినా ఇక్కడి చెట్టు వేరుదాకా గడ్డకట్టి చచ్చింది. మార్చిలో గిల్లాండర్స్ వచ్చి మా కిటికీ ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఆ కుండీ వంకే చూశాడు. అందులో మొక్క అప్పుడే రెండు లాంతర్లకి మొగ్గ కట్టింది. పెద్దమ్మ ఆ మొగ్గల్ని ఒకసారి ముట్టుకుని, కుండీ తీసి ఆయన చేతుల్లో పెట్టేసింది. ఆ చెట్టే ఇది. ఆ పలక చూడు, చెట్టు పేరుంది, చిలీ అని ఉంది, నాటిన ఏడు ఉంది. ఇష్బెల్ అని ఎక్కడైనా ఉందా? ఉండదు. నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

ఇవాళ ఏం వారం? శుక్రవారమేనా? హమ్మయ్య, ఇంటికెళ్ళగానే నాటొచ్చు. నా వంక అలా చూడకు, ఇందాక నువ్వు టీ తేవడానికి వెళ్ళినప్పుడు తుంచాను. మూడు. అదిగో చినుకులు మొదలయ్యాయి, లే, పద. గొడుగు మాత్రం విప్పకు.